షెడ్డులో పదకొండో చోటు

నాలుగో నంబరు సైజు ఫుట్‌బాల్ కిరాణా కొట్టు త్రాసులో మూడు వందల అరవై గ్రాములు తూగింది. మిస్త్రీ దాని కుట్లు విప్పి, లోపలి బ్లాడరులో గాలి సగం చేసి, చుట్టూ ఇంజన్లు తుడిచే నూలు పీచు కూరి మళ్లీ కుట్టాక నాలుగు వందల ఎనభై తూగింది. మామూలు బంతిని ఛాతీ ఎత్తు నుంచి వదిలితే నడుము దాకా లేచేది. ఇది మోకాలి ఎత్తు కూడా లేవలేదు. రెండు కొలతలూ రిజిస్టరు మొదటి పేజీలో రాశాను. అది ఎనభై తొమ్మిది వానాకాలం.

అప్పటికి నేను బిలాస్‌పూర్ లోకో షెడ్డు టైమ్ ఆఫీసులో గుమస్తాని. ఎవరు ఏ నిమిషానికి లోపలికి వచ్చారు, ఎవరు బయటికి వెళ్లారు, ఇప్పుడు లోపల ఎంతమంది ఉన్నారు, ఇంతే నా పని. డ్యూటీ దిగేవేళ లోపలి లెక్క సున్నా కాకపోతే కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. ఎవడో ఇంజను కింద గుంతలో నిద్రపోయి ఉండొచ్చు, అంతకంటే ఘోరమూ జరిగి ఉండొచ్చు. పద్దెనిమిదేళ్లలో ఆ లెక్క నేను తప్పలేదు.

ఆవిరి ఇంజన్లు వెళ్లిపోయాక షెడ్డులో ఒక భాగం ఖాళీ అయింది. మసి పట్టిన కప్పు, పైన మురికి అద్దాల కిటికీలు, కింద సిమెంటు నేల. ఇంజన్ల కింద దూరి పని చేసే గుంతలను సిమెంటు పలకలతో మూసేశారు. వానలు మొదలైతే కాలనీ పెద్ద గ్రౌండు నాలుగు నెలలు చెరువులా ఉండేది. పిల్లలకు ఆట ఉండేది కాదు. ఆ ఖాళీ భాగంలో ఆడిస్తానని మిస్త్రీ పట్టుబట్టాడు.

మిస్త్రీ అంటే షెడ్డులో ఫిట్టరుగా రిటైరైన మనిషి, పలాస వైపువాడు. మా క్వార్టర్ల వరసే. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. పిల్లలు మిస్త్రీ తాత అనేవాళ్లు. వయసులో ఉండగా షెడ్డు జట్టులో ఆడాడు. ఎడమ మోకాలు వంగేది కాదు. ఇరుకు చోట, ఐదుగురు ఐదుగురుగా, లేవని బంతితో ఆడితేనే పిల్లలకు ఆట వస్తుందని ఆయన నమ్మకం. ఆ ఆటకు ఫుట్‌సాల్ అని పేరుందనీ, వేరే దేశాల్లో పిల్లలను దానితోనే తయారు చేస్తారనీ నాకు పదేళ్ల తరువాత పేపరు చదివితే తెలిసింది. మేము షెడ్డాట అనేవాళ్లం.

"పెద్ద గ్రౌండులో పిల్లడు గాలికి పరిగెడతాడు చెల్లెమ్మా" అన్నాడు నాతో. "బంతి ఎక్కడుందో సూసేలోపల ఆట అయిపోద్ది. ఇక్కడ పారిపోడానికి సోటేదీ? కాలికి తగలక తప్పదు."

మాట మీద నమ్మకం పెట్టుకునే అలవాటు నాకు లేదు. మా అబ్బాయిని లెక్క పెట్టాను. పెద్ద గ్రౌండులో అరగంట ఆటలో వాడి కాలికి బంతి తొమ్మిదిసార్లు తగిలింది. షెడ్డులో అరగంటకు ఎనభై నాలుగుసార్లు తగిలింది. ఆ తరువాత మిస్త్రీతో వాదించలేదు.

మా అబ్బాయి కోసమే నేను ఇందులోకి దిగాను. అప్పటికి వాడికి పద్నాలుగు దాటి ఏడు నెలలు. దసరా తరువాత జరిగే జూనియర్ సెలక్షను వాడికి ఆఖరిది. మరుసటి ఏడాదికి పదిహేను నిండిపోతాయి. ఎంపికైన పిల్లలను క్రీడా హాస్టలుకు పంపేవారు. అంతకుముందు రెండేళ్లూ వాణ్ణి వరసలో నిలబెట్టి, తలమీద చెయ్యి పెట్టి, "కద్ ఛోటా హై" అని, పొట్టివాడని పక్కకు పంపేశారు. బంతి ముట్టుకోనివ్వలేదు. ఈసారీ కాకపోతే బూట్లు ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు. వాడు బెదిరించే రకం కాదు. ఆ మాట భోజనాల దగ్గర, మజ్జిగ కలుపుకుంటూ, మామూలుగా అన్నాడు. అందుకే నాకు భయం వేసింది.

షెడ్డు తాళం నా పేరు మీద ఇచ్చారు. షరతు ఒక్కటే: లోపల ఎంతమంది ఉన్నారో రోజూ రాసి సంతకం పెట్టాలి. నాకు అది కొత్త పని కాదు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదూ పది వరకు, వారానికి ఐదు రోజులు. పిల్లలు పదిమంది. ఒకవైపు ఐదుగురు, మరోవైపు ఐదుగురు. మిస్త్రీ పదకొండోవాడు. పరిగెత్తలేడు గనక నడిమధ్యకు కొంచెం ఇవతల, మూసిన గుంత మీద ఒక పలకపై నిలబడేవాడు. బంతి ఎవరి దగ్గరుంటే వాళ్లవైపు ఆయన. ఎటు నుంచి వచ్చినా కాలితో ఆపి, తల తిప్పకుండా, సరైనవాడికి ఇచ్చేవాడు. మిగిలిన పదిమందీ ఆయన చుట్టూ తిరిగేవాళ్లు. నేను గోడవార స్టూలు మీద గడియారం పట్టుకుని కూర్చునేదాన్ని. నన్ను లెక్కలో వేసుకోను. టైమ్ ఆఫీసు పద్ధతి అది.

ఆగస్టులో ఒక గురువారం ఉదయం మిస్త్రీ ఇంటి అరుగు మీద పళ్లు తోముకుంటూ కూలిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు. తొమ్మిది రోజులు ఎవరూ షెడ్డు మాట ఎత్తలేదు. పదోరోజు సాయంత్రం పిల్లలు పదిమందీ వానలో తడుస్తూ మా గుమ్మం ముందు నిలబడ్డారు. తాళం తీసుకుని వెళ్లాను.

ఆయన ఉన్నప్పుడు తప్పులు ఆయన కంటితోనే పట్టేవాడు. నాకు ఆట చూసే కన్ను లేదు, లెక్క ఉంది. టేపు పెట్టి కొలిస్తే ఆడే చోటు ఎనభై నాలుగు అడుగుల పొడవు, నలభై రెండు అడుగుల వెడల్పు. మూడడుగులకు ఒక గడి చొప్పున గళ్ల కాగితం గీశాను. ఇరవై ఎనిమిది పద్నాలుగులు మూడు వందల తొంభై రెండు గళ్లు. మా అబ్బాయి ఉన్న వైపు ఐదుగురూ నిమిషానికొకసారి ఎక్కడెక్కడ ఉన్నారో చుక్కలు పెట్టాను. రోజుకు నలభై నిమిషాలు, రెండు వందల చుక్కలు. ఎవడు ఎక్కడ మొద్దులా నిలబడిపోతున్నాడో తెలిస్తే చెప్పవచ్చు కదా అని.

పన్నెండు రోజులకు రెండు వేల నాలుగు వందల చుక్కలు. ఆదివారం మధ్యాహ్నం వంటయ్యాక కాగితాలన్నీ ఒక పెద్ద కాగితం మీదికి ఎక్కించాను. సగటున గడికి ఆరు చుక్కలు రావాలి. మూలల్లో రెండు మూడు, మధ్యలో పది పన్నెండు వచ్చాయి. నడిమధ్యకు కొంచెం ఇవతల నాలుగు గళ్లు తెల్లగా ఉన్నాయి. ఆరడుగులు పొడవు, ఆరడుగులు వెడల్పు. ఒక్క చుక్క లేదు. వాటి చుట్టూ మాత్రం చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి నల్లబడిపోయాయి.

ఎక్కించడంలో తప్పు జరిగిందేమోనని మళ్లీ చేశాను. తప్పు లేదు.

మర్నాడు కాగితం పక్కన పెట్టి ఆట చూశాను. బయట వాన హోరు, లోపల మసక. రెండు వైపుల పిల్లలూ ఆ చోటు దగ్గరికి వచ్చేసరికి భుజం తిప్పుకుని పక్కనుంచి పోతున్నారు. తెలిసి చేస్తున్నట్టు లేదు. నిండుగా ఉన్న బస్సులో నిలబడ్డ మనిషిని తప్పించుకుని నడిచినట్టుగా ఉంది. అదొక్కటే అయితే సరిపెట్టుకునేదాన్ని. కానీ బంతి అక్కడికి ఇస్తున్నారు. ఎవరూ లేని చోటికి, చూడకుండా ఇస్తున్నారు. ఆ బంతి అక్కడికి వెళ్లి ఆగుతోంది. ఒక క్షణం ఆగాక, ఇచ్చినవాడి జట్టు పిల్లాడే ఎవడో పక్కనుంచి కాలు చాపి లాక్కుపోతున్నాడు. అవతలి జట్టువాడు కాలు చాపితే అందేంత దూరంలో ఉండి కూడా ముట్టుకోవడం లేదు.

ఆట అయ్యాక గోలు కాసే పిల్లను, మా పక్క క్వార్టరు అమ్మాయిని, పిలిచి ఆ పలక మీదుగా ఎందుకు పరిగెత్తవని అడిగాను.

"అక్కడ జగా ఏటుంది ఆంటీ?" అంది చెప్పు వేసుకుంటూ. తలెత్తి కూడా చూడలేదు.

మా అబ్బాయిని దారిలో అడిగాను. అక్కడ ఎవరున్నారురా అంటే ఎవరూ లేరన్నాడు. మరి బంతి ఎవరికి ఇచ్చావు అంటే, "ఇస్తే ఆగుతాది కదమ్మా" అన్నాడు.

ఎందుకు ఆగుతుందో మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ ఒక్కదాన్నే వెళ్లి చూశాను. ఆ పలక ఒక బొటనవేలి మందం కిందికి దిగి ఉంది. రెండు నెలలుగా ఒకే చోట నిలబడిన మనిషి బరువుకు దిగిందో, ముందే దిగి ఉందో తెలియదు. బరువైన బంతి ఆ పల్లంలోకి వస్తే ఆగిపోతుంది. కారణం దొరికింది గనక గుండె కుదుటపడాలి. కొలత రాసుకున్నాను. రాసుకుని ఆ పలక మీద నిలబడదామనుకున్నాను. కింద గుంతలో వాననీళ్లు చేరాయి కాబోలు, మెల్లగా గుటకలు వేస్తున్నట్టు చప్పుడు. నిలబడలేదు. నాకు పని ఉంది అనుకుంటూ వచ్చేశాను. నాకు ఆ వేళప్పుడు పనేమీ లేదు.

ఈ సంగతి పిల్లలకు చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. పెద్ద గ్రౌండులో ఆ పల్లం ఉండదు. అక్కడ అలా ఇస్తే బంతి పరాయివాళ్ల పాలవుతుంది. చెప్పడం నా ధర్మం. కానీ వాళ్లు అప్పుడు ఆడుతున్న ఆట మిస్త్రీ బతికుండగా కూడా ఆడలేదు. బంతి చూడకుండా ఇస్తున్నారు, చూడకుండా అందుకుంటున్నారు. అదంతా ఆ ఖాళీ చుట్టూ అల్లుకున్నదే. చెబితే భయపడతారు, ఆట విరిగిపోతుంది, మా అబ్బాయి బూట్లు ఎవరికో ఇచ్చేస్తాడు. నేను చెప్పలేదు. పిల్లలకే ఆ భ్రమ ఉందనీ, నాకు తెలుసు గనక నాకు లేదనీ అనుకున్నాను.

సెలక్షను మ్యాచ్ దసరా వెళ్లిన రెండో ఆదివారం, ఉదయం తొమ్మిదికి, ఆరిన పెద్ద గ్రౌండులో. మా కాలనీ పిల్లలకూ మస్తూరీ ఊరి పిల్లలకూ. ముందురోజు జట్టు ఫారం నేనే నింపాను. పేర్లు, పుట్టిన తేదీలు, కింద మొత్తం పదకొండు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి సంతకం చేశాను.

మస్తూరీ పిల్లలు పొలాల్లో పెరిగినవాళ్లు, మావాళ్ల కంటే జానెడు పొడుగు. రెండు జట్లూ వరసగా నిలబడ్డాయి. రిఫరీ వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. మావాళ్ల దగ్గర ఆగి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"గ్యారహవాఁ కహాఁ హై?" అని, పదకొండోవాడు ఎక్కడని అడిగాడు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోలు కాసే అమ్మాయి, "హై నా" అని, ఉన్నాడుగా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. మిగిలిన తొమ్మిదిమందీ కూడా వెనక్కి తిరిగారు. అక్కడ ఎండలో గడ్డి ఉంది. వాళ్లలో ఎవరూ నవ్వలేదు.

సెలక్టర్లు ఫారం తిప్పి చూసి నన్ను పిలిచారు. పదకొండు అని రాసి ఉంది, పేర్లు పది. నా చేతి రాతే. సంచిలోంచి షెడ్డు రిజిస్టరు తీశాను. మిస్త్రీ పోయాక ముప్ఫై ఒక్క రోజులు తాళం తీశాను. ముప్ఫై ఒక్క రోజులూ, లోపల ఉన్నవారు పదకొండు, బయటికి వెళ్లినవారు పదకొండు అని రాసి సంతకం పెట్టాను. ఒక్క రోజు కూడా కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. రోజూ గుమ్మం దగ్గర నిలబడి, బయటికి వెళ్తున్న వాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టి రాశాను. పదకొండోసారి నేను ఎవరిని లెక్కపెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు.

పదిమందితో ఆడినా నియమాలు ఒప్పుకుంటాయని రిఫరీ అన్నాడు. ఆట మొదలైంది.

మొదటి సగంలో నేను భయపడ్డదే జరిగింది. మావాళ్లు చకచకా ముందుకు వెళ్లేవారు, మస్తూరీ పిల్లల కాళ్ల మధ్యనుంచి దారి చేసుకునేవారు. సెలక్టర్లు కుర్చీల్లో ముందుకు వంగారు. అంతలో ఎవడో ఒకడు చూడకుండా బంతిని మధ్యకు ఇచ్చేవాడు. అది పచ్చిక మీద ఆగకుండా దొర్లుకుంటూ పోయేది. ఆరుసార్లు అలా ఇచ్చారు. రెండింటికి మా మీద గోల్స్ పడ్డాయి. ఆ రెండిట్లో ఒకటి మా అబ్బాయి ఇచ్చినదే. సెలక్టర్లలో ఒకాయన, ఈ పిల్లలు దయ్యాలకు పాస్ ఇస్తున్నారని హిందీలో అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. ఆయన కాగితం మీద ఏదో అడ్డంగా కొట్టేశాడు.

విరామంలో నేను లేచి గీత దగ్గరికి వెళ్లాను. మా అబ్బాయి నీళ్లు తాగడం లేదు. బూటు లేసు విప్పుతున్నాడు. నన్ను చూసి, "అయిపోయిందిలే అమ్మా" అన్నాడు.

లేసు కట్టుకోమన్నాను. కాగితం సంగతి, నాలుగు తెల్ల గళ్ల సంగతి, అందరికీ వినబడేలా రెండు నిమిషాల్లో చెప్పాను. వాళ్లు ఆశ్చర్యపోతారనుకున్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. చెప్పకుండా ఉంటే బాగుండునన్నట్టు కిందికి చూశారు.

"మీరు ఆ చోటికే ఇస్తారు. మానమన్నా ఇప్పుడు మానలేరు" అన్నాను మా అబ్బాయితో. "నువ్వెళ్లి అక్కడ నిలబడు. గోలుకు వీపు పెట్టి, తాతలాగ."

వాడు లేసు ముడి బిగించాడు. తరువాత మెల్లగా అడిగాడు. "మరి తాత ఎక్కడికెళ్తాడు?"

తెలియనిది చెప్పడం నా అలవాటు కాదు. కానీ రిఫరీ గడియారం చూస్తున్నాడు. "అడుగు. అడిగి నిలబడు. జరుగుతాడు" అన్నాను.

రెండో సగం మొదలయ్యాక వాడు నడిచి వెళ్లి ఆ చోటికి ఒక అడుగు ఇవతల ఆగాడు. తల కొంచెం వంచాడు. పెదవులు కదిలాయో లేదో అంత దూరం నుంచి కనబడలేదు. తరువాత ఆ అడుగు వేశాడు. వేస్తూ ఎడమ భుజం తగ్గించాడు, ఇరుకు గుమ్మంలో ఎదురొచ్చిన పెద్దాయనకు దారి ఇచ్చినట్టు.

అక్కడి నుంచి బంతి వాడి దగ్గరికే వచ్చింది. చూడకుండా ఇచ్చిన బంతులన్నీ వాడి కాలి దగ్గర ఆగాయి. జానెడు పొడుగు పిల్లలు వెనకనుంచి నెట్టినా కదలలేదు. తల తిప్పకుండా అటూ ఇటూ పంచాడు. ముప్ఫై నిమిషాల్లో అరవై రెండుసార్లు బంతి వాడి కాలికి తగిలింది. పదిమందితో ఆడి రెండు గోల్స్ కొట్టి సమం చేశారు. దయ్యాలన్న సెలక్టరు కొట్టేసినదాని పక్కన మళ్లీ రాశాడు. సాయంత్రం నోటీసు బోర్డు మీద మావాళ్లలో ముగ్గురి పేర్లు వచ్చాయి. వాడిది రెండోది.

ఇంటికి వచ్చాక నేను సంతోషంగానే పాయసం వండాను. వాడు కుడికాలి మీదే బరువు వేసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోరా అంటే, మోకాలు వంగడం లేదమ్మా అన్నాడు. ఆటలో దెబ్బ తగిలిందా అని అడిగితే లేదన్నాడు. మర్నాటికి సర్దుకుంది. అది రిజిస్టరులో రాయలేదు.

నవంబరులో వాడు హాస్టలుకు వెళ్లిపోయాడు. ఎంపికైన మిగతా ఇద్దరూ జనవరిలో వెళ్లాలి. ఆట ఆగకూడదని పిల్లలు అడిగితే తాళం తీశాను. మా అబ్బాయి బదులు మోప్కా నుంచి ఒక కొత్త కుర్రవాడు వచ్చాడు, చురుకైనవాడు. పదిమంది. ప్రతి రోజూ ఒక్కొక్కరి తలనూ ముట్టుకుని లెక్కపెట్టాను.

వారం రోజులకు, గళ్ల కాగితం అవసరం లేకుండానే, నా కంటికి కనబడింది. ఎడమ గోడవార, తలుపుకు ఎనిమిది అడుగుల దూరంలో, మా అబ్బాయి ఎప్పుడూ గోడకు ఆనుకున్నట్టు జారిపోతూ ఉండే చోట, ఎవరూ నడవడం లేదు. కొత్త కుర్రవాడు ఒకటి రెండుసార్లు అటు వెళ్లబోయి, ఎవరో అడ్డున్నట్టు భుజం తిప్పుకున్నాడు. గోలు కాసే అమ్మాయి బంతిని చూడకుండా అక్కడికి వేసింది. బంతి గోడకు తగిలి తిరిగి వచ్చింది. అంతా మామూలే అన్నట్టు ఆడుకుంటున్నారు.

పోయినవాడి చోటు ఖాళీగా ఉంచారంటే అది వాళ్ల ప్రేమ అనుకున్నాను. బతికున్న పిల్లాడి చోటును కూడా అదే తీరుగా, అంతే జాగ్రత్తగా ఖాళీ ఉంచారు. ఆ రెంటికీ వాళ్ల కాళ్లకు తేడా తెలియదు. నా కొడుకు అలా రెండో తెల్ల గడిగా మిగిలిపోవడం నేను చూస్తూ ఊరుకోలేకపోయాను.

టైమ్ ఆఫీసులో పాత చేతి గంట ఉంటే మర్నాడు తెచ్చాను. రెండు నిమిషాలకొకసారి గంట కొడతాననీ, కొట్టినప్పుడల్లా ఒకడి చోటికి ఇంకొకడు మారాలనీ, గోలు కాసేవాళ్లు కూడా మారాలనీ చెప్పాను. ఏ చోటూ ఎవరిదీ కాదన్నాను. వాళ్లకు నచ్చలేదు. మిస్త్రీ తాత ఇలాగ ఆడించలేదు అన్నాడు ఒకడు. నిజమే, ఆయన ఆడించలేదన్నాను.

మూడు రోజులు ఆట ఆటలా లేదు. ఒకరికొకరు అడ్డం పడ్డారు, తలలు ఢీకొట్టుకున్నారు, ఒకడి పెదవి చిట్లింది. బంతి చూసి ఇవ్వడం నేర్చుకోవలసి వచ్చింది. నేను గడియారం చూస్తూ గంట కొడుతూనే ఉన్నాను.

నాలుగో రోజు, ఇరవై రెండో నిమిషంలో, మోప్కా కుర్రవాడి వంతు నడిమధ్యకు వచ్చింది. వెనకనుంచి ఎవరో తోస్తే వాడు తూలి, మిస్త్రీ నిలబడే ఆ దిగిన పలక మీద రెండు కాళ్లూ మోపాడు. పలక కదిలి, కింద నీళ్లున్న గుంతలో ఢమ్మని మోగింది. షెడ్డంతా ఆ మోత తిరిగింది. తొమ్మిదిమందీ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయి వాడి వైపు చూశారు. వాడికి ఏమీ తెలియదు. ఏమైందన్నట్టు నన్ను చూశాడు.

ఆ చోటు ఇక అన్నయ్యది కాదనిపించి నాకు ఏడుపు వచ్చింది. ఆడమని చెయ్యి ఊపాను.